పక్క మొక్క బంధువా, పరాయిదా? మొక్కల మధ్య పోటీపై తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి, మినుము వేసే రైతులు, విజయవాడలో మేడ మీద కుండీల్లో కూరగాయలు పెంచేవారు, వృక్షశాస్త్రం చదువుకునే డిగ్రీ విద్యార్థులు అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. మొక్కలు తమ తోబుట్టువులను గుర్తుపట్టి వాటితో సర్దుకుపోతాయన్న వార్త ఫోన్లలో తిరగడం మొదలైనప్పటి నుంచి ప్రశ్నలు పెరిగాయి. ఆ వార్తలో నిజం ఉంది. అది ఎంతవరకు నిజమో, మన చేలకు ఎంత పనికివస్తుందో చెప్పడానికే ఈ జవాబులు.

మొక్కలు తమ వాళ్లను నిజంగా గుర్తుపడతాయా?

కొన్ని జాతుల్లో, కొన్ని పరిస్థితుల్లో గుర్తుపడతాయి. అన్ని మొక్కలకూ ఈ శక్తి ఉందని ఎవరూ చూపలేదు.

గుర్తుపట్టడం అన్నప్పుడు శాస్త్రవేత్తలు కొలిచేది మొక్క పెరుగుదలను. ఒక మొక్క పక్కన దాని తోబుట్టువును పెంచుతారు. అలాంటిదే మరో మొక్క పక్కన అదే జాతికి చెందిన పరాయి మొక్కను పెంచుతారు. ఈ రెండు సందర్భాల్లో మొక్క వేళ్లకు ఎంత పెట్టింది, ఆకుకు ఎంత పెట్టింది, కాండం ఎంత సాగింది, పూలు ఎన్ని పూసింది అని చూస్తారు. తేడా నిలకడగా కనిపిస్తే, పక్కన ఉన్నది ఎవరన్న సమాచారం ఏదో రూపంలో ఆ మొక్కకు అందిందని అర్థం. మెదడు, నాడులు లేకపోయినా కాంతిని, రసాయనాలను పసిగట్టే గ్రాహకాలు దాని కణాల్లో ఉన్నాయి.

ఈ సంగతిని మొదట చూపించింది ఎవరు?

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన సుసాన్ డడ్లీ, అమాండా ఫైల్ 2007లో ప్రచురించిన ప్రయోగంతో ఈ చర్చ ఊపందుకుంది. వారు తీసుకున్న మొక్క కేకిలే ఎడెంటులా. ఆవాల కుటుంబానికి చెందినది, ఉత్తర అమెరికాలో ఇసుక తీరాల మీద పెరుగుతుంది. ఒకే తల్లి మొక్క గింజలను కొన్ని కుండీల్లో కలిపి వేశారు. వేర్వేరు తల్లుల గింజలను మరికొన్ని కుండీల్లో కలిపి వేశారు. పరాయి మొక్కలతో కుండీ పంచుకున్నవి సన్నని పీచు వేళ్లకు ఎక్కువ ఖర్చుపెట్టాయి. తోబుట్టువులతో పంచుకున్నవి అంత ఖర్చుపెట్టలేదు. ఒంటరిగా పెంచిన మొక్కల్లో ఈ తేడా లేదు. అందువల్ల వేళ్లు పక్కవారి వేళ్లను కలిసినప్పుడే ఈ సంగతి తెలుస్తోందని వారు తేల్చారు.

ప్రయోగానికి ఈ మొక్కనే ఎంచుకోవడం వెనుక మంచి ఆలోచన ఉంది. దీని కాయకు రెండు భాగాలుంటాయి. పై భాగం విడిపోయి నీటి మీద తేలుతూ దూరం పోతుంది. కింది భాగం తల్లి మొక్కనే అంటిపెట్టుకుని అక్కడే మొలుస్తుంది. అంటే దీని పక్కన తోబుట్టువులు గుంపుగా మొలవడం మామూలే, ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన పరాయి గింజ మొలవడమూ మామూలే. రెండు రకాల పొరుగూ తరచుగా ఎదురయ్యే మొక్కకే వాటి మధ్య తేడా తెలుసుకోవడం అవసరం. మన జిల్లేడు గింజ దూది రెక్కలు కట్టుకుని ఎటో ఎగిరిపోతుంది. దానికి పక్కన తోబుట్టువు తగిలే అవకాశమే తక్కువ. ఏ మొక్క గురించి ఈ ప్రశ్న వేసినా ముందు దాని గింజ ఎంత దూరం పోతుందో అడగాలి.

బంధువుకు చోటు వదిలితే మొక్కకు ఏమిటి లాభం?

దీనికి లెక్క కట్టినవాడు బ్రిటన్ జీవశాస్త్రవేత్త విలియం హామిల్టన్. 1964లో ఆయన చెప్పిన సూత్రం క్లుప్తంగా ఇది. సాయం చేసేదానికి అయ్యే నష్టం కన్నా, పొందేదానికి కలిగే లాభాన్ని బంధుత్వంతో గుణిస్తే వచ్చే మొత్తం ఎక్కువైతే, ఆ సాయం చేసే గుణం తరతరాలకూ నిలుస్తుంది. ఒకే తల్లీ ఒకే తండ్రీ అయితే సగటున సగం జన్యువులు ఉమ్మడి. తల్లి ఒకటే, పుప్పొడి వేర్వేరు మొక్కలదైతే నాలుగో వంతు. వరిలాగా తన పుప్పొడితో తానే గింజ కట్టే పంటల్లో ఈ బంధుత్వం ఇంకా చాలా ఎక్కువ.

మొక్కల విషయంలో సాయం అంటే చాలాసార్లు పోట్లాట తగ్గించుకోవడమే. ఇద్దరు రైతులకు ఉమ్మడిగా ఒక బావి ఉందనుకోండి. పక్కవాడు తోడేస్తాడన్న భయంతో ఇద్దరూ పెద్ద మోటార్లు పెడతారు. నీళ్లు పెరగవు, కరెంటు ఖర్చు మాత్రం ఇద్దరికీ పెరుగుతుంది. ఒకే మట్టిని పంచుకునే రెండు మొక్కలు వేళ్ల మీద అవసరానికి మించి ఖర్చుపెట్టడమూ ఇదే. 2001లో గెర్సానీ బృందం సోయా చిక్కుడులో ఈ నమూనాను చూపించింది. మట్టిని పంచుకున్న మొక్కలు వేళ్లు ఎక్కువ పెంచాయి, గింజ తక్కువ ఇచ్చాయి. ఈ ప్రయోగం మీద వచ్చిన విమర్శను కింద చెబుతాను. పక్కవాడు తోబుట్టువైతే ఈ వృథా ఖర్చు తగ్గించుకోవడం కుటుంబం మొత్తానికి లాభం.

పూలలోనూ ఇలాంటిది కనిపించింది. స్పెయిన్‌లో పెరిగే మొరికాండియా అనే ఊదారంగు పూల మొక్కపై రూబెన్ టోరిసెస్ బృందం 2018లో ఒక పరిశోధన ప్రచురించింది. బంధువుల మధ్య పెరిగిన మొక్కలు తమ పరిమాణానికి తగినదానికన్నా ఎక్కువ పూల ఆర్భాటం చేశాయి. పూలు ఎక్కువైతే ఆ చోటికే తేనెటీగలు ఎక్కువ వస్తాయి, ఆ లాభం చుట్టూ ఉన్న అందరికీ దక్కుతుంది. పరాయివారి కోసం ఆ ఖర్చు పెట్టడం దండగ, తోబుట్టువుల కోసం అయితే దండగ కాదు.

కళ్లు లేని మొక్కకు పక్కన ఉన్నది ఎవరో ఎలా తెలుస్తుంది?

మూడు దారులకు సాక్ష్యం ఉంది. ఎక్కువ సాక్ష్యం వేళ్ల దారికే.

వేళ్లు ఎప్పుడూ చక్కెరలు, ఆమ్లాలు, మాంసకృత్తులు, ఇతర రసాయనాలు మట్టిలోకి వదులుతూనే ఉంటాయి. 2010లో అమెరికాలో హర్ష్ బైస్, సుసాన్ డడ్లీ బృందం అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కతో పని చేసింది. ఇదీ ఆవాల కుటుంబమే. మొలకలను ద్రవంలో పెంచి, కొన్నింటికి తోబుట్టువుల వేరు స్రావాన్ని, కొన్నింటికి పరాయి మొక్కల స్రావాన్ని ఇచ్చారు. పరాయి స్రావం తగిలిన మొలకలు పక్క వేళ్లు ఎక్కువగా పెట్టాయి. స్రావాలు విడుదల కాకుండా ఆపే రసాయనం కలిపినప్పుడు ఆ తేడా పోయింది. అక్కడ పక్క మొక్క లేదు, దాని నీడ లేదు, దాని వేరు లేదు. ఉన్నది స్రావం మాత్రమే. అందుకే ఈ ప్రయోగాన్ని నేను అన్నింటికన్నా విలువైనదిగా చూస్తాను. ఆ స్రావంలో బంధుత్వాన్ని తెలిపే అణువు ఏదన్నది మాత్రం ఇంకా తేలాల్సిన విషయం.

రెండో దారి కాంతి. 2015లో అర్జెంటీనాకు చెందిన క్రెపీ, కసాల్ అదే అరబిడాప్సిస్‌ను వరుసగా నాటి చూశారు. పక్కన బంధువులున్నప్పుడు మొక్కలు ఒకదాని మీద ఒకటి నీడ పడకుండా ఆకుల దిశ మార్చుకున్నాయి. కాంతి గ్రాహకాలు లోపించిన మొక్కల్లో ఈ సర్దుబాటు కనిపించలేదు.

మూడోది గాలి. కాలిఫోర్నియాలో సేజ్ బ్రష్ అనే పొద మీద రిచర్డ్ కార్బన్ ఏళ్ల తరబడి పని చేశారు. పురుగు కొరికినట్టుగా ఒక పొద ఆకులు కత్తిరిస్తే అది గాలిలోకి వాసనలు వదులుతుంది. పక్క పొదలు వాటిని పసిగట్టి ముందే జాగ్రత్తపడతాయి. కత్తిరించిన పొద దగ్గరి బంధువైతే పక్క పొదకు ఆ రక్షణ ఎక్కువగా దక్కింది.

పక్కన ఎవరో ఉన్నారని తెలియడం, తన వాళ్లని తెలియడం ఒకటేనా?

ఒకటి కాదు. ఈ విషయంలో గందరగోళమంతా ఇక్కడే పుడుతోంది.

పక్కన ఏదో ఒక మొక్క ఉందని తెలుసుకోవడం దాదాపు అన్ని పచ్చని మొక్కలకూ వచ్చిన విద్య. ఆకు ఎర్రని కాంతిని మింగేసి, దానికి ఆవల మన కంటికి సరిగా ఆనని సుదూర ఎరుపు కాంతిని వెనక్కి పంపుతుంది. పక్క నుంచి వచ్చే వెలుతురులో సుదూర ఎరుపు పాలు పెరిగితే మొక్కలోని ఫైటోక్రోమ్ అనే పదార్థం ఆ తేడాను పట్టుకుంటుంది. నీడ ఇంకా పడకముందే కాండం సాగడం మొదలవుతుంది. మిర్చి నారుమడిలో గింజ ఒత్తుగా పడితే నారు సన్నగా, పొడుగ్గా, బలహీనంగా రావడానికి ప్రధాన కారణం ఇదే. ఆ మొలకలన్నీ ఒకే సంచి విత్తనం, అయినా ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి సాగుతాయి.

దీని పైమెట్టు తన వేరును తాను పోల్చుకోవడం. ఇజ్రాయెల్‌లో ఏరియల్ నోవోప్లాన్‌స్కీ, ఆయన సహచరులు బఠానీతో, ఒక జాతి గడ్డితో దీనిని పరీక్షించారు. 2004లో వచ్చిన గడ్డి ప్రయోగం చాలా ఆసక్తికరమైనది. ఒకే మొక్క నుంచి కోసిన రెండు ముక్కలను విడదీసి పెంచారు. జన్యువులు అచ్చంగా ఒకటే. కాలం గడిచేకొద్దీ ఆ ముక్కలు ఒకదానికొకటి పరాయివైపోయాయి, చివరికి వేరే మొక్కను ఎదుర్కొన్నట్టే వేళ్లు పెంచుకున్నాయి. అంటే తనను తాను పోల్చుకోవడానికి జన్యువు ఒక్కటే ఆధారం కాదు, ఒకే శరీరంగా కలిసి ఉండడమూ ఆధారమే.

తోబుట్టువును పరాయివారి నుంచి వేరుచేయడం వీటన్నింటి పైన ఉన్న మెట్టు. కొద్ది జాతుల్లోనే దానికి గట్టి సాక్ష్యం ఉంది.

అయితే అరటి తోటలో పిలకలన్నీ ఒకటే కదా, వాటిని కోయడం ఎందుకు?

తాడేపల్లి, కొల్లిపర వైపు కృష్ణ ఒడ్డున అరటి పెంచేవారికి ఇది సహజంగా వచ్చే అనుమానం. పిలక తల్లి దుంపను అంటుకుని ఉన్నంతకాలం అది తల్లి శరీరంలో భాగం. తల్లి ఆహారం దానికి పోతూనే ఉంటుంది. పిలకలు ఎక్కువైతే గెలకు వెళ్లాల్సిన ఆహారం వాటికి పంచబడుతుంది, గెల చిన్నదవుతుంది. జన్యువులు ఒకటే అయినంత మాత్రాన నేలలోని పోషకాలు రెట్టింపు కావు. తర్వాతి పంటకు కావలసిన పిలకను ఉంచి మిగతావాటిని కోయడం సరైన పద్ధతే.

మిర్చి చేలో మొక్కలు ఒకదానితో ఒకటి పోటీ పడతాయా? హైబ్రిడ్ విత్తనమైతే తేడా ఉంటుందా?

పడతాయి. నీటి కోసం, నత్రజని కోసం నేల కింద, వెలుతురు కోసం నేల పైన పోటీ ఉంటుంది. నల్లరేగడిలో తేమ ఉన్నన్నాళ్లు కింది పోటీ బయటికి కనిపించదు. తడి ఆలస్యమైతే ఒత్తుగా ఉన్న చోట మొక్కలే ముందు వాడతాయి.

హైబ్రిడ్ గురించి అడిగిన ప్రశ్న చాలా మంచిది. శుద్ధమైన తల్లి వరుసను, శుద్ధమైన తండ్రి వరుసను కలిపి తీసిన మొదటి తరం హైబ్రిడ్‌లో మొక్కలన్నీ జన్యుపరంగా దాదాపు ఒకే అచ్చులో పోసినవి. తోబుట్టువుల కన్నా దగ్గర. బంధుత్వం ఒక్కటే పోటీని ఆపగలిగితే ఆ చేలో ఎంత ఒత్తుగా నాటినా ఇబ్బంది ఉండకూడదు. ఒత్తుగా నాటితే ఏమవుతుందో మిర్చి రైతుకు నేను చెప్పనక్కర్లేదు. బంధువుల మధ్య తగ్గేది అవసరానికి మించిన పోటీ మాత్రమే, అదీ తగ్గే జాతుల్లో. బతకడానికి ప్రతి మొక్కకూ కావలసిన నీరు, వెలుతురు ఏ బంధుత్వంతోనూ తగ్గవు. అచ్చు తోలేటప్పుడు పాటించే ఎడాన్ని ఈ వార్తలు చదివి తగ్గించవద్దు.

వరిలో ఈ విషయం మీద పరిశోధన జరిగిందా?

జరిగింది. మనకు అన్నింటికన్నా పనికివచ్చే భాగం ఇదే కనుక కాస్త వివరంగా చెబుతాను.

చైనా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చుయ్‌హువా కాంగ్ బృందం వరి మీద చాలాకాలంగా పని చేస్తోంది. 2018లో వారు ప్రచురించిన ఫలితాల ప్రకారం కొన్ని వరి రకాలు పక్కన దగ్గరి బంధువు ఉందా, దూరపు రకం ఉందా అన్నదాన్నిబట్టి వేళ్ల అమరికను మార్చుకున్నాయి. అన్ని రకాలూ అలా చేయలేదు. అదే ఏడాది వారిదే మరో పరిశోధనలో గోధుమ మొక్క తన చుట్టూ పెరిగే నూరు రకాల మొక్కల ఉనికిని వేరు స్రావాల ద్వారా పసిగట్టగలదని, పసిగట్టినప్పుడు తన రసాయన ఆయుధాలను పెంచుతుందని తేలింది. వరిలోనూ అలాంటి రకాలున్నాయి. మన పొలాల్లో ఊద అనే గడ్డి కలుపు పక్కన మొలిస్తే, కొన్ని వరి రకాలు దాని స్రావాన్ని పట్టుకుని ఊద వేళ్లను అణచే పదార్థాలు ఎక్కువగా వదులుతాయి. కలుపు మందు ఖర్చు ఏటా పెరుగుతున్న ఈ రోజుల్లో ఇలాంటి గుణాన్ని మన రకాల్లో వెతకడం ఎంతో అవసరమని నా గట్టి నమ్మకం.

దీనికన్నా పాతదైన, నా దృష్టిలో ఇంకా ముఖ్యమైన పరిశోధన ఒకటుంది. 1968లో ప్రచురించిన ఆ పరిశోధనలో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ జెన్నింగ్స్, ఆయన సహచరులు పొడుగు వరి రకాలను, పొట్టి రకాలను కలిపి పెంచారు. విడిగా వేస్తే పొట్టి రకాల దిగుబడి ఎక్కువ. కలిపి వేస్తే పొడుగువి, ఆకు ఎక్కువ ఉన్నవి పొట్టివాటి మీద నీడ పరిచి వాటిని అణగదొక్కాయి. అంటే పోటీలో గెలిచే మొక్క, పొలానికి ఎక్కువ గింజ ఇచ్చే మొక్క ఒకటి కావు. అదే సంవత్సరం ఆస్ట్రేలియాలో కాలిన్ డొనాల్డ్ గోధుమ గురించి రాస్తూ, మంచి పంట మొక్క బలహీనమైన పోటీదారుగా ఉండాలని అన్నారు. కురచ కాండం, నిటారుగా నిలిచే కొద్దిపాటి చిన్న ఆకులు ఆయన కోరిన లక్షణాలు. పక్క మొక్క మీద నీడ వేయని మొక్క అన్నమాట. 1966లో విడుదలైన ఐఆర్ 8 వంటి పొట్టి వరి రకాలు మన డెల్టాలో దిగుబడిని పెంచడానికి కారణం అవి పడిపోకుండా ఎరువును తట్టుకోవడమే అని సాధారణంగా చెబుతారు. అది నిజం. కాండం మీద, పొరుగుతో పోటీ మీద తక్కువ ఖర్చుపెట్టి గింజ మీద ఎక్కువ పెట్టడమూ అంతే నిజం.

విత్తనోత్పత్తి చేసే రైతులు పొలంలో కేళీలు, అంటే ఆ రకానికి చెందని మొక్కలు, ఏరతారు. మిగతా పైరు కన్నా ఎత్తుగా తల పైకెత్తి నిలబడేవి ఆ కేళీల్లో ఎన్నో. వాటిని ఏరడం విత్తన శుద్ధి కోసమే. దానితోపాటు పక్క దుబ్బుల మీద నీడ పరిచేవాటినీ తీసేస్తున్నాం. ప్రకృతి వరణం పొలంలో తన పని తాను చేసుకుపోతే పోట్లాడే మొక్కలే మిగులుతాయి. సర్దుకుపోయే పైరును నిలబెట్టింది, తరతరాలుగా కంకులు ఎంచి విత్తనం కట్టిన చేతులు, వాటి తర్వాత బాపట్ల, మారుటేరు లాంటి పరిశోధన స్థానాలు.

వరి నాటేటప్పుడు దూరం తగ్గిస్తే దిగుబడి పెరుగుతుందా?

20 సెంటీమీటర్ల వరుసలో 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున నాటితే చదరపు మీటరుకు సుమారు 33 కుదుళ్లు పడతాయి. రెండు వైపులా 15 అయితే 44. సార్వాకు (ఖరీఫ్) మొదటిది, దాళ్వాకు (రబీ) రెండోది అని సిఫారసు చేయడం మీరు వినే ఉంటారు. సార్వాలో పిలకలు బాగా వేయడానికి వ్యవధి ఉంటుంది, ఎడం ఉంటే ఒక్కో కుదురు ఆ చోటును నింపుకుంటుంది. ఒత్తు ఎక్కువైతే పిలకలు తగ్గుతాయి. మొక్కలే సంఖ్యను సరిచేసుకుంటాయి కనుక ఒక హద్దు దాటాక గింజ బరువు పెరగదు, దోమపోటు, పాముపొడ తెగులు మాత్రం పెరుగుతాయి.

ఒకే రకం వేయడం మంచిదా, రకాలు కలిపి వేయడం మంచిదా?

బంధువుల మధ్య పోటీ తక్కువ కాబట్టి ఒకే రకం వేయాలని కొందరు అంటారు. ఆ వాదన పూర్తి కాదు. బంధువులు ఒకే బలహీనతలను కూడా పంచుకుంటారు. ఒక మొక్కకు వచ్చిన తెగులు పక్క మొక్కకు సులువుగా అంటుతుంది. 2000లో ప్రచురితమైన, చైనాలోని యునాన్ రాష్ట్రంలో వేల ఎకరాల్లో జరిగిన ప్రయోగంలో అగ్గితెగులుకు లొంగే వరిని, తట్టుకునే వరితో కలిపి వరుసల్లో వేశారు. లొంగే రకంలో అగ్గితెగులు తీవ్రత, విడిగా వేసినప్పటితో పోలిస్తే 94 శాతం తగ్గింది. ఆ రకం దిగుబడి 89 శాతం పెరిగింది.

2009లో స్పెయిన్ శాస్త్రవేత్తలు లూపిన్ అనే పప్పుజాతి మొక్కతో చేసిన ప్రయోగంలో తోబుట్టువులతో కలిసి పెరిగిన మొక్కలే వెనకబడ్డాయి. ఒకే అవసరాలున్నవి ఒకే లోతులో, ఒకే సమయంలో, ఒకే పోషకం కోసం వెతికితే అలా జరగడం సహజమే. పత్తిలో కందిని అంతరపంటగా వేసే పల్నాడు పద్ధతికి బలం ఇక్కడే ఉంది. కంది వేరు లోతుకు పోతుంది, కోతకు వచ్చే కాలం వేరు, గాలిలోని నత్రజనిని వాడుకునే బొడిపెలు దానికి ఉన్నాయి.

వేప చెట్టు కింద వందల మొలకలు వస్తాయి, ఒక్కటీ చెట్టు కాదు. తల్లే చంపుతోందా?

తల్లి నీడ కొంత కారణం. 1970లో డేనియల్ జాన్జెన్, 1971లో జోసెఫ్ కానెల్ విడివిడిగా మరో కారణం చెప్పారు. తల్లి చుట్టూ ఆ జాతికి ప్రత్యేకమైన పురుగులు, శిలీంధ్రాలు పోగుపడి ఉంటాయి. దగ్గర పడిన గింజలకు వాటి తాకిడి ఎక్కువ, పక్షి మోసుకెళ్లి దూరంగా వదిలిన గింజకు తక్కువ. ఉష్ణమండల అడవుల్లో అన్నేసి జాతుల చెట్లు కలిసి ఉండడానికి ఇదొక ముఖ్యమైన వివరణ.

అడవిలో తల్లి చెట్టు భూమిలోని శిలీంధ్రాల దారాల ద్వారా పిల్లలకు ఆహారం పంపుతుందని చదివాం. నిజమేనా?

1997లో కెనడాలో సుజానే సిమర్డ్ బృందం బర్చ్, డగ్లస్ ఫర్ అనే చెట్ల మొలకల మధ్య కార్బన్ ఇటూ అటూ ప్రయాణించినట్టు గుర్తించింది. అవి రెండు వేరే జాతులు, బంధువులు కావు. అక్కడి నుంచి తల్లి చెట్టు తన పిల్లలను ఎంచి పోషిస్తుందన్న కథ లోకమంతా పాకింది. 2023లో జస్టీన్ కార్స్ట్, మెలనీ జోన్స్, జేసన్ హోక్సెమా అప్పటివరకు వచ్చిన క్షేత్ర పరిశోధనలను పరిశీలించారు. అడవిలో పెద్ద చెట్లు ఆ దారాల గుండా తమ సంతానానికి ప్రత్యేకంగా వనరులు పంపుతాయనడానికి క్షేత్రస్థాయిలో సాక్ష్యం లేదని రాశారు. వేళ్లకు, శిలీంధ్రాలకు మధ్య ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం నిస్సందేహంగా నిజం. భాస్వరం అందించే ఆ శిలీంధ్రాలు మన పొలాల్లోనూ ఉన్నాయి.

పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఎంతవరకు రుజువైందో కూడా చెప్పండి. రుజువైనంత వరకే చెప్పినా పిల్లలు ఆసక్తిగా వింటారు.

మినుములో బంగారు తీగ, పొగాకులో మల్లె కూడా మొక్కలను గుర్తుపడతాయా?

గుర్తుపడతాయి, దోచుకోవడానికి. ఇవి రెండూ పక్క మొక్క ఆహారాన్ని పీల్చి బతికే పరాన్న కలుపులు. మాగాణి మినుముకు ఎంతో నష్టం చేసే బంగారు తీగ జాతిలో ఒకదానిపై 2006లో అమెరికాలో ప్రయోగం జరిగింది. దాని మొలక టమాటా మొక్క వదిలే వాసనను బట్టి అటువైపు సాగింది, గోధుమ కన్నా టమాటానే కోరుకుంది. పొగాకు మల్లె గింజ మట్టిలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండి, ఆతిథ్య మొక్క వేరు వదిలే స్ట్రైగోలాక్టోన్ల జాడ తగిలినప్పుడే మొలుస్తుంది. ఆ రసాయనాన్ని మొక్క వదిలేది మేలు చేసే శిలీంధ్రాలను పిలవడానికి. పిలుపు విన్న దొంగ కూడా వస్తాడు. అందుకే ఈ కలుపును గింజ పట్టకముందే పీకి తగలబెట్టడం, బంగారు తీగ గింజ లేని శుద్ధమైన మినుము విత్తనం వాడడం మందుల కన్నా ముఖ్యం.

వయ్యారిభామ ఉన్న చోట ఏమీ మొలవకపోవడం ఇందులోకి వస్తుందా?

అది రసాయన అణచివేత. పార్థెనిన్ వంటి పదార్థాలు పక్క మొక్కల గింజలను మొలవనివ్వవు. ఆ మొక్క బంధువులను వేరుచేసి చూస్తుందనడానికి ఆధారం లేదు.

ఒకే టమాటా పండు గింజలను ఒకే కుండీలో వేస్తే సర్దుకుని పెరుగుతాయా?

విజయవాడ మేడల మీది నుంచి వచ్చే ప్రశ్నల్లో ఇది మొదటిది. వేయవద్దు. కుండీలో మట్టి కొలతకు మించి ఉండదు, మే నెల ఎండకు అది గంటల్లో ఆరిపోతుంది. ఒక కుండీకి ఒక టమాటా, ఒక వంగ చాలు. గోంగూర, తోటకూర, కొత్తిమీర ఒత్తుగా చల్లుకోవచ్చు, ఎందుకంటే అవి ఒకదానికొకటి అడ్డు వచ్చే వయసు రాకముందే కోసుకుంటాం. తీగజాతి బీర, కాకర విషయంలో ఆకు ఎంత పందిరి పాకుతుందో చూసి మోసపోకండి, కింద వేరుకు పెద్ద కుండీ ఉండాలి.

ఈ పరిశోధనల మీద వచ్చిన ప్రధాన అభ్యంతరాలు ఏమిటి?

మొదటిది కుండీ పరిమాణం. పైన చెప్పిన సోయా ప్రయోగంలాంటి వాటిలో, పంచుకునే మొక్కకు అందుబాటులో ఉన్న మొత్తం మట్టి, ఒంటరి మొక్కకు ఉన్నదానికన్నా ఎక్కువ. వేరు పెరిగింది పోటీవల్లా, ఎక్కువ మట్టి దొరకడంవల్లా అన్నది చెప్పలేం. రెండోది కుటుంబాల మధ్య సహజమైన తేడా. కొన్ని తల్లుల పిల్లలు మొదటి నుంచే బలంగా పెరుగుతాయి. పరాయివారిని కలిపిన కుండీలో బలమైనది బలహీనమైనదాన్ని తొక్కేస్తుంది, తోబుట్టువుల కుండీలో అన్నీ సమానంగా ఉంటాయి. బంధుత్వాన్ని పసిగట్టకుండానే ఈ రెండు కుండీల ఫలితాల్లో తేడా వస్తుంది. 2010లో అరబిడాప్సిస్‌తో మాస్‌క్లో బృందం చేసిన పరీక్షలో బంధువుల గుర్తింపు పోటీని మార్చిందనడానికి ఆధారం దొరకలేదు. అందుకే పైన వేరు స్రావపు ప్రయోగానికి అంత విలువ ఇచ్చాను. అందులో ఈ రెండు చిక్కులూ లేవు.

మా కళాశాలలో దీన్ని పరీక్షించవచ్చా?

తప్పకుండా పరీక్షించండి, ఖర్చు పెద్దగా లేదు. ఆవాలు వాడండి. సాక్ష్యం దొరికిన జాతుల్లో కొన్ని ఆ కుటుంబానివే, పైగా చలికాలంలో మన దగ్గర చక్కగా మొలుస్తాయి. కొట్టు నుంచి తెచ్చిన ఆవాల తల్లి ఎవరో తెలియదు కాబట్టి ముందు ఒక తరం మొక్కలను మీరే పెంచి, ఒక్కో మొక్క గింజలను విడి కవరులో పెట్టుకోవాలి. అక్టోబరు చివర మొదలుపెడితే ఫిబ్రవరి నాటికి గింజ చేతికి వస్తుంది. అసలు ప్రయోగం తర్వాతి చలికాలంలో.

మట్టి బదులు కడిగిన ఇసుక వాడితే చివర్లో సన్నని వేళ్లు తెగకుండా బయటికి వస్తాయి. తోబుట్టువుల జంటలు, పరాయి జంటలు, ఒంటరి మొక్కలు మూడూ ఉండాలి. ఒంటరి మొక్కకు జంట కుండీలో సగం ఇసుక మాత్రమే ఇవ్వండి, లేకపోతే కుండీ పరిమాణం మీద వచ్చిన విమర్శే మీకూ వర్తిస్తుంది. ప్రతి కుటుంబం గింజలు మూడు రకాల కుండీల్లోనూ ఉండాలి. గింజల బరువు ముందే తూచి రాసుకోండి. కుండీలను చీటీలు తీసి అమర్చండి, రెండు రోజులకోసారి చోటు మార్చండి. ఏ కుండీ ఏ రకమో తెలియని విద్యార్థి చేత వేళ్లు కడిగించి, ఎండబెట్టి తూచమనండి. కుండీలు ఎన్ని ఎక్కువైతే ఫలితం అంత నమ్మదగినది. జంటలోని రెండు మొక్కల వేళ్లు అల్లుకుపోతే విడదీయడం కష్టం, అప్పుడు జంట మొత్తం బరువునే లెక్కలోకి తీసుకోండి.

తేడా రాకపోయినా ఆ ఫలితాన్ని రాసి పెట్టండి. ఈ రంగంలో తేడా కనిపించిన ప్రయోగాలే ఎక్కువగా అచ్చవుతాయి, కనిపించనివి బీరువాల్లో మిగిలిపోతాయి. మిర్చి, మినుము, గోంగూర వంటి మన పంటల మీద ఈ పరీక్ష చేయడానికి గుంటూరు, విజయవాడ విద్యార్థుల కన్నా అనువైనవారు ఎవరున్నారు?